ఫోనులో వైద్యుడు, ఊరిలో రక్తపరీక్ష



పూర్వము వైద్యుడు రోగి యింటికి వచ్చి నాడి చూచెడివాడు. నేడు రోగి యింటనే యుండి వైద్యుని ఫోనులో చూచుచున్నాడు. కేంద్ర ప్రభుత్వము 2019 లో ఈ-సంజీవని సేవను నెలకొల్పెను. 2020 మార్చి 25 నాడు దూరవైద్యమునకు నియమములు వెలువడెను. వాని ప్రకారము రిజిస్టరైన డాక్టరు రోగిని ఫోనులోనే విచారించి, మందులను, పరీక్షలను వ్రాసి యీయవచ్చును.

అయితే మాట గాలిలో పోవును గాని రక్తము పోదు గదా! చీటీ ఫోనులో వచ్చినను, రక్తము మనమే పోయి యీయవలెను. దీనికై పట్నము పోవలసిన పని ప్రతిసారియు లేదు. 2018 లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పద్ధతిలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమున నమూనాను తీసి, పెద్ద ప్రయోగశాలకు పంపుదురు; రోగి రుసుము చెల్లింప నక్కరలేదు. మీకు వ్రాసిన పరీక్ష అచ్చట కలదో లేదో ఆశా కార్యకర్తను ముందుగా నడుగుడు.

డాక్టరుతో మాటలాడునప్పుడు ఫోనును మనుమడు పట్టుకొనవచ్చును. బాధ చెప్పవలసినది మాత్రము మీరే. వాడుచున్న మందులన్నియు దగ్గర నుంచుకొనుడు. ఫోను పెట్టకముందు మూడు ప్రశ్నలు వేయుడు: పరగడుపున పోవలెనా? ఆ ప్రొద్దు మాత్ర వేసికొనవలెనా? ఫలితమును మరల ఎవరికి, ఎన్నడు చూపవలెను? పరగడుపు షుగరు పరీక్షకు ఎనిమిది గంటలు ఆహారము మానవలెను, మంచినీరు త్రాగవచ్చును. మూడు నెలల సగటును దెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షకు పస్తుండ నక్కరలేదు.

ఈ మూడింటిలో చివరి ప్రశ్నయే ముఖ్యము. రక్తమిచ్చి వచ్చి, నివేదికను చూరులో దోపి, పాత మాత్రలనే మ్రింగువారు పెక్కుమంది గలరు. మూత్రపిండములు చెడుచున్నను మొదట నొప్పి తెలియదు; క్రియాటినిన్ అంకె దానిని పట్టియీయగలదు. ఆ అంకెను డాక్టరు చూడనిచో, మీరిచ్చిన రక్తము వృథా. అంకెను మీరే చదివి మందు మానుటయు, పెంచుటయు అంతకన్న ప్రమాదము.

ఇంకొక్క మాట. ఛాతీనొప్పి, ఊపిరాడకుండుట, మాట తడబడుట, ఒకవైపు కాలుసేతులు పడిపోవుట కనబడినచో ఫోను వైద్యమునకై వేచియుండరాదు. వెంటనే 108 ను పిలువవలెను.

వైద్యుని చీటీతో పరీక్ష మొదలగును. ఫలితము మరల వైద్యుని కంటబడినపుడే అది ముగియును. ఈ సంగతిని రచ్చబండకడ నలుగురికిని చెప్పుదురుగాక. సెలవు.