ఆడటం వేరు, తయారుచేయటం వేరు



"మాస్టర్ సాబ్, మావాడు వీడియో గేములు తయారుచేస్తాడట. చెడిపోయినట్టేనా?" అని రేపల్లెలో ఒక తండ్రి మమ్మల్ని అడిగారు. వెళ్ళి చూశాము. తెర మీద పడవ అల పైకి ఎగిరి దిగుతోంది. అది సరిగ్గా దిగటానికి అబ్బాయి నోటుబుక్కు నిండా లెక్కలు వేశాడు. మేము బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని గురుత్వాకర్షణ సూత్రమే అది! మాకే సిగ్గు వేసింది.

మాస్కోలో పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్‌లో ఉన్నవి ఏడు రకాల ముక్కలే. లోకమంతా ఆడింది.

డబ్బు పందెం కాసే ఆట జూదమే, హరామే. 2025 కేంద్ర చట్టం ఆన్‌లైన్‌లో అలాంటివాటిని నిషేధించింది కూడా. కాని ఈ పిల్లవాడిది పందెం కాదు, పనితనం.

కనుక సెల్లు లాక్కునే ముందు "ఆడుతున్నావా, తయారుచేస్తున్నావా?" అని అడగండి. తయారుచేస్తుంటే కాసేపు పక్కన కూర్చోండి. బడి మాత్రం మాననివ్వకండి. ఆడపిల్లలకూ ఇదే మాట.

ఖుదా హాఫిజ్.