అప్పు లేకుండా పండుగ బట్టలు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున మాట్లాడినది)



ప్రతి ఏడాది ఈ సభలో బర్రెల గురించి, కిరాణం షాపుల గురించి, బ్యాంకు లింకేజీ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మమ్మల్ని బట్టల గురించి మాట్లాడమన్నారు. "బట్టల గురించి కూడా మీటింగేనా?" అని కొందరు అక్కలు నవ్వారు. నవ్వండి, తప్పు లేదు. కానీ ఇంటికి పోయినంక మీ సంఘం పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. మా పుస్తకంలో కిస్తులు వెనకబడేది మూడు కాలాల్లోనే. దసరా నెల, ఎండాకాలం పెళ్లిళ్లు, బడులు తెరిచే జూన్. మూడింటిలోనూ ఖర్చు బట్టల దగ్గరే మొదలవుతుంది.

దీనికి కారణం మన ఆడవాళ్ల సోకు అని మగవాళ్లు అంటారు. మేము ఒప్పుకోం. అసలు కారణం వేరే. మన దగ్గర పండుగ ముందు వస్తది, పైసలు తర్వాత వస్తాయి. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి పత్తి ఇంకా చేన్లోనే ఉంటుంది, వరి కోతకు రాదు. చేతిలో పైస ఉండదు. అప్పుడే ఆడబిడ్డలు వస్తారు, పిల్లలు కొత్త బట్టలు అడుగుతారు, వాడకట్టులోకి వాయిదాల మీద చీరలమ్మే వాళ్లు వస్తారు.

ఆ వాయిదా లెక్క ఒకసారి చేద్దాం. 1,500 రూపాయల చీర అనుకోండి. వారానికి 200 చొప్పున 10 వారాలు కట్టమంటారు. మొత్తం 2,000. అంటే రెండున్నర నెలలకు 500 ఎక్కువ. అదే 1,500 మన సంఘంలో రూపాయి వడ్డీకి మూడు నెలలకు తీసుకుంటే వడ్డీ 45 రూపాయలు. 45కు, 500కు ఎంత తేడానో మీరే చూడండి. అయినా మా మాట ఏమిటంటే, ఆ 45 కూడా ఎందుకు కట్టాలి? అప్పు పెట్టుబడికి, పొదుపు పండుగకు. బర్రె కొన్న అప్పును పాలు తీరుస్తాయి. చీర కొన్న అప్పును ఏది తీరుస్తుంది?

అట్లాగని పిల్లలకు పాత బట్టలే వేయమని, ఉన్నదాంతో సర్దుకోమని చెప్పడానికి మేము రాలేదు. ఇంటర్ చదివే పిల్ల ఫోన్‌లో ఒక డ్రెస్ చూసి "అమ్మా, ఇప్పుడు ఇట్లాంటివే నడుస్తున్నాయి" అంటే, అది ఉత్త మారాం కాదు. నలుగురిలో తలెత్తుకొని తిరగాలని ఆ పిల్లకు ఉంటుంది. మనకు లేదా ఏమిటి? సోకు చేసుకోవడం తప్పు కాదు, సోకు కోసం అప్పు చేయడం తప్పు. అప్పు లేకుండా ఎట్లా చేసుకోవాలో మా సంఘంలో మాట్లాడుకొని కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. అవే చెప్తాం.

మొదటిది. ఫ్యాషన్ ఎక్కడ మారుతుందో గమనించాలి. చీర అంత తొందరగా మారదు. మారేది జాకెట్. చేతులు ఒక ఏడు పొట్టిగా, ఒక ఏడు మోచేతి దాకా, ఇంకో ఏడు బుట్ట చేతులు. మెడ మారుతుంది, వెనక డోరీలు మారతాయి. పిల్లల డ్రెస్సుల్లో అయితే మారేది చున్నీ. కాబట్టి పదేళ్లు ఉండేదాని మీద నాణ్యత చూసి పెట్టాలి, ఏడాదికొకసారి మారేదాని మీద తక్కువ పెట్టాలి. చాలామంది దీన్ని తిప్పి చేస్తారు. నాలుగు ఉతుకులకు వెలిసిపోయే చీర కొని, దానికి వేల రూపాయల మగ్గం వర్క్ జాకెట్ కుట్టిస్తారు.

ఇంట్లో ఉన్న సాదా చీర ఏదైనా తీయండి. దానికి పోచంపల్లి ఇక్కత్ జాకెట్ కానీ, కలంకారీ జాకెట్ కానీ వేస్తే చీర కొత్తదైపోతుంది. మీటరు గుడ్డ చాలు. ఒక ఎరుపు ఇక్కత్ జాకెట్ కుట్టించుకుంటే నల్ల చీర మీదికి, పసుపు చీర మీదికి, తెల్ల చీర మీదికి కూడా వస్తది. ఇప్పుడు పెద్ద పెద్ద షాపుల్లో బొమ్మలకు కట్టేది కూడా ఇట్లానే, చీర ఒక రంగు, జాకెట్ ఇంకో రంగు.

రెండోది. బీరువా లెక్క రాయాలి. మేము ఉగాది తర్వాత ఒక ఆదివారం ఎవరింట్లో వాళ్లం బీరువా ఖాళీ చేసి, మూడు కుప్పలు పెట్టుకున్నాం. కట్టేవి, కట్టనివి, కుట్టిస్తే పనికొచ్చేవి. కట్టని కుప్పే పెద్దది. పెళ్లిళ్లలో పెట్టిన చీరలు, మడత విప్పని బతుకమ్మ చీరలు అన్నీ అందులోనే ఉన్నాయి. అంచు మంచిగ ఉండి ఒళ్లు చిరిగిన పట్టు చీర పారేయొద్దు. ఆ అంచు తీసి సాదా లంగాకు వేస్తే పండుగ లంగా అవుతుంది. ఒళ్లు కూడా గట్టిగా ఉంటే పెద్దపిల్లకు లంగా కానీ, పొడుగు ఫ్రాకు కానీ వస్తది. కొంగు ముక్క జాకెట్‌కు సరిపోతుంది. పాత ఫుల్ చేతుల చొక్కాలు పత్తి ఏరడానికి చీర మీద వేసుకుంటాం, అవి కూడా పక్కకు పెట్టండి.

పాత పట్టు చీరలు కొంటామని ఊర్లోకి వస్తారు. అసలు జరీ ఉన్న పాత చీరల్లో వెండి ఉంటుంది, అందుకే వాళ్లు తిరుగుతారు. రెండు చోట్ల అడగనిదే ఇయ్యొద్దు.

మూడోది. కొనే కాలం. పండుగ వారంలో కొంటే వాళ్లు చెప్పిందే ధర. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, షాపుల్లో బేరాలు తగ్గుతాయి, అందుకే తగ్గింపులు ఇస్తారు. బతుకమ్మ బట్టలు అప్పుడే కొనుక్కోవాలి. కాటన్ చీరలు ఎండాకాలం మొదట్లో కాదు, చివర్లో కొనాలి. అయితే తగ్గింపు అని రాసినవన్నీ తగ్గింపులు కావు. చీటీ రాసుకొని పోవాలి, చీటీలో లేనిది ఎంత తక్కువకు వచ్చినా కొనొద్దు.

పైసలు ఎట్లా? ఉగాది నుంచి ఎంగిలిపూల దాకా కనీసం 25 వారాలు ఉంటాయి. వారానికి 40 పక్కకు వేస్తే 1,000 అవుతుంది. మా సంఘంలో మామూలు పొదుపు కాకుండా దీన్ని వేరేగా జమ చేసి, వేరే పేజీలో రాస్తున్నాం. ఆషాఢంలో అప్పటిదాకా జమైంది ఎవరిది వారికి ఇచ్చేస్తాం.

నాలుగోది. మోసపోకుండా చూసుకోవాలి. ఇక్కత్ అని చెప్పి అచ్చు వేసిన గుడ్డ అమ్ముతారు. అసలు ఇక్కత్‌లో నూలుకే ముందు రంగులు వేసి తర్వాత నేస్తారు, కాబట్టి ముందు వైపు, వెనక వైపు రంగు ఒకేలా ఉంటుంది. అచ్చు గుడ్డ అయితే వెనక వెలిసినట్టు ఉంటుంది. గద్వాల చీరల్లో మామూలుగా ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు ఉంటాయి. ఒళ్లు, అంచు కలిసే చోట చూడండి, రెండు రకాల పోగులు మగ్గం మీదనే ఒకదాంట్లో ఒకటి వేసి కలిపి ఉంటాయి. పట్టు అవునో కాదో అనుమానం ఉంటే కొంగు చివర ఒక్క పోగు తీసి, పళ్లెంలో పెట్టి కాల్చి చూడొచ్చు. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద చేతితో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి గుండులాగా ముద్ద కడుతుంది. నూలు కాగితం లాగా కాలుతుంది. చేనేతకు హ్యాండ్‌లూమ్ మార్క్, పట్టుకు సిల్క్ మార్క్ చీటీలు ఉంటాయి, అడిగి చూడండి.

ఐదోది. కుట్టించే తీరు. మన సంఘాల అక్కలు బడి పిల్లల యూనిఫాంలు కుట్టారు, వాళ్ల చేతిలో పని ఉంది. పైసలు బయటికి పోనీయకుండా వాళ్ల దగ్గరే కుట్టిద్దాం. కాటన్ గుడ్డను, లైనింగును ముందు నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి, లేకుంటే మొదటి ఉతుకుకే బిగుసుకుంటుంది. పెరిగే పిల్లలకు పక్క కుట్టులో, కింద మడతలో గుడ్డ ఎక్కువ వదలమని చెప్పండి. వచ్చే ఏడాది కుట్టు విప్పితే మళ్లీ సరిపోతుంది. జాకెట్‌కు కూడా అంతే, లోపల గుడ్డ వదిలితే మనం లావైనా అది పనికొస్తుంది.

ఇప్పుడు మా సంఘంలో ఒక అక్క కిందటి బతుకమ్మకు వేసుకున్న లెక్క చెప్తాం. ఆమెకు ఇంటర్ చదివే బిడ్డ, ఐదో తరగతి కొడుకు. తనకు ఇంట్లోని ఆకుపచ్చ చీర, దాని మీదికి ఇక్కత్ జాకెట్ గుడ్డ 200, లైనింగ్ 60, కుట్టు కూలి 250, మొత్తం 510. బిడ్డకు తన పెళ్లినాటి పట్టు చీరతో లంగా, లైనింగ్ 200, కుట్టు కూలి 500, నెట్ చున్నీ 250, మొత్తం 950. కొడుక్కు కొత్త ప్యాంటు, చొక్కా 700. అంతా కలిపి 2,160. అన్నీ కొత్తవి కొంటే చీర 1,500, జాకెట్ ఖర్చు 310, బిడ్డకు రెడీమేడ్ లెహంగా 2,500, కొడుక్కు 700, మొత్తం 5,010 అయ్యేది. మిగిలింది 2,850. ఆమె ఆ నెల కిస్తు తేదీకి ముందే కట్టింది. బిడ్డ లంగా చూసి కాలేజీ పిల్లలు "ఏ షాపులో తీసుకున్నవే?" అని అడిగారట. "మా అమ్మ పెళ్లిలో" అందట.

చివరగా ఒక ముఖ్యమైన మాట. ఇప్పుడు పెళ్లయినా, బతుకమ్మ అయినా అందరం ఒకే రకం చీర కట్టాలనే పద్ధతి వచ్చింది. ఫొటోలో చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ మా ఊర్లో ఈ మాట వచ్చినప్పుడు ఒక అక్క "నాకు పైసలు ఎల్లవు, ఈసారి ఆటకు రాను" అన్నది. కూలికి పోయే మనిషి, ఆమె పాడితే వాడకట్టంతా వింటుంది. ఒక చీర కోసం ఆమె బతుకమ్మ దగ్గర లేకుంటే, అది మన పండుగ ఎట్లా అవుతుంది? అక్కడే కూర్చొని తీర్మానం చేసుకున్నాం. రంగు ఒక్కటే, చీర ఎవరిది వాళ్లదే. పసుపు అనుకున్నాం. ఒకరు పట్టు, ఒకరు కాటన్, ఒకరు నైలెక్స్. లేనివాళ్లకు రెండు ఉన్నవాళ్లు ఒకటి ఇచ్చారు. తీసుకున్న చీర ఉతికి, మడత పెట్టి వారంలో ఇవ్వాలని రాసుకున్నాం. ఇవ్వడం ఇష్టం లేనివాళ్లను ఎవరూ బలవంతం చేయొద్దు, ఎందుకు ఇవ్వలేదని అడగొద్దు అని కూడా రాసుకున్నాం. ఇంకో మాట కూడా అందులోనే పెట్టాం. భర్త లేని అక్కలు కూడా అదే రంగు కడతారు, వరుసలోనే నిలబడతారు. వద్దనే మాట ఎవరూ అనలేదు. సద్దుల నాడు అందరం పసుపులో ఆడాం.

ఈ ఏడాది ప్రతి సంఘం మూడు పనులు చేయాలని కోరుతున్నాం. ఒకటి, ఉగాది నుంచి పండుగ పొదుపుకు వేరే పేజీ తెరవాలి. రెండు, ఏ వేడుకకైనా రంగు మాత్రమే అనుకోవాలి, షాపు, ధర అనుకోకూడదు. మూడు, మన కుట్టుపని మన అక్కలకే ఇవ్వాలి. పట్టు చీరలను నీడలో ఆరేసి, పాత నూలు గుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టండి. అవే రేపు మన బిడ్డల లంగాలు.