లోతులేని బావి పంపు: రైతు ఇంటనే చేసికొనదగిన మరమ్మతులు

(రైతుల సమావేశమునకై సిద్ధపరుపబడిన ఉపన్యాసము)



బావి క్రింద సేద్యము చేయు రైతునకు పంపు నిలిచిన దినము ఆపద దినము. చెరువు క్రింది మడిలో ఒకనాడు నీరు రాకున్నను కొంత నిలువనీరుండును. బావి క్రింది పైరున కట్టి ఆధారము తక్కువ. తాబి వరి పొట్టమీద నున్నప్పుడు తడి తప్పినచో గింజ తాలుపోవును. అట్టి సమయమున పంపును విప్పి, బండి కెక్కించి, పట్టణమునకు కొనిపోయి, మిస్త్రీ కొరకు కాచియుండి, మరల తెచ్చి బిగించునప్పటికి పైరు చేయి దాటిపోవును.

అయితే నీరెత్తని పంపులలో పెక్కింటికి పంపునందు దోషమే యుండదు. దోషము పీల్చు గొట్టములోనో, దాని అడుగున నుండు ఫుట్ వాల్వులోనో యుండును. దానిని కనుగొనుటకు ఒక పానా, రెండు బిందెల నీరు, ఒక అగరువత్తి, కొంచెము ఓపిక చాలును.

పంపు నీటి నెత్తు విధము

పంపు నీటిని త్రాటితో చేదినట్లు లాగుచున్నదని పలువురు తలంతురు. అది సరికాదు. పంపులోని చక్రము గిరగిర తిరుగుచు తనయందున్న నీటిని వెలుపలికి విసరును. అందుచే లోపల వెలితి యేర్పడును. బావినీటిపై నొత్తుచున్న గాలి ఆ వెలితిలోనికి నీటిని గొట్టము వెంట త్రోయును. పంపు నీటి నొక మేరకు మించి పీల్చజాలదని 1638లో ముద్రితమైన తన గ్రంథమున ఇటలీ దేశపు గెలీలియో వ్రాసెను. ఆ మేరకు గాలి బరువే కారణమని ఆయన శిష్యుడు టారిచెల్లి పాదరసముతో చేసిన పరీక్షవలన తెలిసినది.

సముద్రతీరమున గాలి బరువు నిలుపగల నీటి ఎత్తు సుమారు 34 అడుగులు. సముద్రమునకు సుమారు 1,780 అడుగుల ఎత్తున నున్న హైదరాబాదు వంటి చోట గాలి పలుచన గావున ఇందులో 2 అడుగులు తగ్గును. గొట్టములోని రాపిడికిని, వంపులకును మరికొంత పోవును. కావున నీటిమట్టమునుండి పంపు వరకు గల ఎత్తు 20 అడుగులు మించకుండుట మంచిది. వైశాఖమున బావినీరు క్రిందికి పోయి ఈ కొలత దాటినచో పంపు ఎంత క్రొత్తదైనను నీటిని సరిగా ఎత్తకపోవచ్చును. అందుచే పానా చేతబట్టుటకు ముందు రైతు త్రాటికి రాయి కట్టి బావిలోనికి వదలి ఆ యెత్తును కొలువవలెను.

గాలి చొరబడుటవలని నష్టము

పీల్చు గొట్టమునకు సూదిబెజ్జమంత రంధ్రమున్నను నీటికి మారుగా గాలి లోనికి వచ్చును. అప్పుడు పంపు నీటిని బొత్తిగా ఎత్తకుండుటయో, తగ్గించి పోయుటయో జరుగును. ఒక ఎకరమునకు ఒక అంగుళము తడి యిచ్చుటకు రమారమి 1,03,000 లీటర్ల నీరు కావలెను. సెకనుకు 5 లీటర్లు పోయు పంపు ఇంత నీటిని 5 గంటల 45 నిమిషములలో ఇచ్చును. గాలి చొరబడి ఆ నీరు సగమైనచో అదే తడికి పదకొండున్నర గంటలు పట్టును. చమురు ఖర్చును ఆ మేరకు పెరుగును. పంపు ఆగిపోలేదు గదాయని ఊరకుండు రైతు ప్రతి తడికిని ఈ నష్టము నోర్చుచున్నవాడే.

పరీక్షించు క్రమము

పరీక్ష బావి అడుగునుండి మొదలుపెట్టి పైకి రావలెను. ముందుగా పంపునే విప్పుట పొరపాటు. ఏ పనికైనను ముందు ఇంజను నాపవలెను. విద్యుచ్ఛక్తి మోటారైనచో మెయిన్ స్విచ్చి నార్పి, ఫ్యూజులను తీసి తనవద్దనే యుంచుకొనవలెను.

1. ఫుట్ వాల్వు. పంపు మీది మూత తీసి గొట్టము నిండువరకు నీరు పోయవలెను. ఆ నీరు కొంతసేపటికి దిగిపోయి, గొట్టముపై నెచ్చటను చెమ్మ కానరానిచో ఫుట్ వాల్వు కారుచున్నదని యెరుంగునది. దానిని పైకి తీసి చూచినచో తరచుగా ఆకో, పుల్లో, చిన్న రాయో కవాటము క్రింద చిక్కి కనబడును. దానిని తీసివేసిన చాలును. తోలు అరిగినచో అదే కొలతకు క్రొత్త తోలును కోసి, నూనెలో నానబెట్టి వేయవలెను. జల్లెడకు పట్టిన నాచును గీకివేయవలెను. మరల దించునప్పుడు జల్లెడ బావి అడుగునకు ఒక అడుగు ఎత్తున, నీటిమట్టమునకు కనీసము రెండడుగులు లోతున నుండవలెను. అంతకు తక్కువైనచో నీటిలో సుడి పుట్టి గాలిని లోనికి కొనిపోవును.

2. గొట్టపు అతుకులు. నీరు నింపినప్పుడు ఏ యతుకు చెమ్మగిల్లునో ఆ యతుకు చెడినది. చెమ్మ తెలియనిచో పంపు నాడించి, అతుకు చెంత వెలుగుచున్న అగరువత్తిని పట్టవలెను. పొగ అతుకువైపునకు లాగబడినచో గాలి అచ్చటనే చొరబడుచున్నది. పెట్రోలు గాని, కిరోసిను గాని సమీపమున నున్నచో అగరువత్తికి మారుగా సబ్బునురుగు పూయవలెను. గాలి పోవుచోట నురుగు లోనికి పీల్చబడును. ఈ పరీక్ష చేయువాని వస్త్రములు బెల్టునకు దూరముగా నుండవలెను. దోషము తెలిసిన పిమ్మట పంపు నాపి, మర అతుకైనచో విప్పి, శుభ్రపరచి, జనపనారయు రంగుముద్దయు గాని, ఇప్పుడు దొరకు తెల్లని టేపు గాని చుట్టి బిగింపవలెను. బోల్టుల అతుకైనచో రబ్బరు వాషరును మార్చి, ఎదురెదురు బోల్టులను కొంచెము కొంచెముగా బిగించుకొని రావలెను.

3. గొట్టపు వాలు. పీల్చు గొట్టము బావినుండి పంపు వరకు ఎక్కుచునే రావలెను. నడుమ ఎచ్చటనైన ఎత్తుపల్లమున్నచో ఆ యెత్తున గాలి నిలిచి నీటి నడ్డగించును. గొట్టము క్రింద రాతిదిమ్మ నుంచి సరిచేయుట ఏ రైతునకైనను సాధ్యమే.

4. గ్లాండు. ఇరుసు పంపులోనికి పోవుచోట చుట్టిన పేనిన త్రాడు ఎండి అరిగినచో అచ్చటను గాలి చొరబడును. పాతచుట్లను కొక్కెముతో పూర్తిగా తీసి, గ్రీజు పట్టించిన నూలు పేనికను చుట్లుగా కోసి, ఒక చుట్టు అతుకు మరియొక చుట్టు అతుకుపై పడకుండ వేయవలెను. రాతినార త్రాడును వాడరాదు. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. గ్లాండును బిర్రుగా బిగించుటయు తప్పే. పంపు ఆడుచుండగా నిమిషమునకు 30 మొదలు 60 బొట్ల వరకు నీరు కారుచుండవలెను. ఆ నీరే ఇరుసును చల్లబరచును.

5. చక్రము తిరుగు దిశ. ఇవి యన్నియు సరిగానుండియు నీరు చాలనిచో పంపుమీది బాణపు గుర్తును చూడవలెను. మోటారు తీగలు మారినచో చక్రము ఎదురుగా తిరిగి నీరు తక్కువగా వచ్చును. ఆ తీగలను మార్చుట పని తెలిసినవానిచేతనే చేయింపవలెను.

పంపు పగిలినప్పుడు

చలి దేశములలో శీతకాలమున పంపులో నిలిచిన నీరు గడ్డకట్టును. పదునొకండు పాళ్ల నీరు గడ్డకట్టిన పండ్రెండు పాళ్లగును. ఆ యొత్తిడికి పోతయినుము పగులును. అందుచే అచ్చటి రైతులు చలికి ముందే అడుగుమర విప్పి నీటిని వదలివేయుదురు. మన మైదానములలో ఆ భయము లేదు. ఇచ్చట పగులు మూడు కారణములచే కలుగును: నీరులేక ఆడి వేడెక్కిన పంపులో చన్నీరు పోయుట, బోల్టులను ఒక ప్రక్కనే బిగించుట, గొట్టపు బరువంతయు పంపుమీదనే వ్రేలాడుట.

చిన్న పగులును ఇంటనే పూడ్పవచ్చును. పగులు రెండు కొనలయందును చిన్న రంధ్రములు దొలిచినచో అది ముందుకు ప్రాకదు. పిదప పగులు వెంట ఉలితో సన్నని గాడి తీసి, త్రుప్పును జిడ్డును బొత్తిగా పోగొట్టి, ఇనుపరజను కలిసిన ఎపాక్సీ ముద్దను ఒత్తి నింపి, ఒక పగలు ఒక రాత్రి కదల్పక యుంచవలెను. పగులు బోల్టు రంధ్రము గుండ గాని, ఇరుసు కూర్చుండుచోట గాని పోయినచో ఈ పని నిలువదు. ఆ భాగమును మార్చవలసినదే. పోతయినుమును నెమ్మదిగా కాచి నెమ్మదిగా చల్లార్చనిచో అతుకు ప్రక్కనే మరల పగులును గావున, వెల్డింగును అనుభవము లేనివానిచే చేయింపరాదు.

ఎన్నడును చేయరాని పని

నీరు 20 అడుగులకు మించి దిగినప్పుడు కొందరు ఇంజనును, పంపును బావిలోని గట్టుమీదికి దించుదురు. ఇది ప్రాణాపాయము. ఇంజను విడుచు పొగలో కార్బన్ మొనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి యాడని బావిలో అది నిలిచి, దిగినవానిని కేకవేయు వ్యవధి యైన లేకుండ పడవేయును. వానిని రక్షింపబోయి దిగినవాడును అట్లే పడిపోవును. లాంతరు దించి చూచుట చాలదు. ప్రాణవాయువు తగ్గినచో దీప మారును గాని, మనుష్యుని చంపునంత కార్బన్ మొనాక్సైడు ఉన్నచోటను దీపము వెలుగుచునే యుండవచ్చును.

కావున ఇంజను ఎల్లప్పుడు బావి ఒడ్డుననే యుండవలెను. నీరు దిగినచో పంపును మాత్రమే దించి పైనుండి బెల్టుతో త్రిప్పవలెను. లేదా నీటిలోనే మునిగి పనిచేయు మోటారు పంపును పెట్టుకొనవలెను. అడుగున ఎవరైన స్పృహ తప్పినచో తగిన శ్వాసయంత్రము లేనివాడు దిగరాదు. అగ్నిమాపక దళమును పిలువవలెను. ఆ దళము వచ్చులోపల పైనుండి గాలి నందించు ప్రయత్నము చేయవలెను.

ముందుజాగ్రత్త

పంపు నాపిన ప్రతిసారియు గ్లాండును చూచుట, నెలకొకమారు జల్లెడను కడుగుట, తోలుముక్క నొకటి, వాషర్లు రెండు, పేనిక కొంత ఇంట నిలువ యుంచుట — ఈ మూడును పాటించు రైతునకు పైరు పొట్టమీద నున్న సమయమున పట్టణమునకు పరుగెత్తవలసిన యవసరము అరుదుగా కలుగును. తోలుముక్క వెల స్వల్పము. అది ఇంట లేనందున తప్పిన తడి మాత్రము ఏ వెలకును మరల రాదు.