మనుమల ఆటలు – మన తీరిక

(నంద్యాల, ఆళ్ళగడ్డ విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి మాట్లాడుకున్నాం. నాకిచ్చిన పది నిమిషాల్లో పింఛను మాట ఎత్తను. ఏడాది నుంచి మూడేళ్ళ లోపు మనుమలు, మనుమరాళ్ళ గురించి కొన్ని సంగతులు మనవి చేస్తాను. మనలో చాలామంది బిడ్డలు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేస్తున్నారు. పసివాళ్ళు మన దగ్గర పెరుగుతున్నారు, లేదా మనమే నెలల తరబడి అక్కడ ఉండి చూసుకుంటున్నాం. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు మోసినవాళ్ళకు ఇది కొత్త డ్యూటీ. దీనికి సెలవు లేదు, టి.ఏ. అసలే లేదు.

ఈ డ్యూటీలో మనకు దొరికిన సులువు మార్గం సెల్‌ఫోను. అన్నం తినకపోతే ఫోను, ఏడిస్తే ఫోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీని మీద స్పష్టంగా చెప్పింది. రెండేళ్ళు నిండనివారికి తెర వద్దు. ఆపైన నాలుగేళ్ళ వరకు రోజుకు గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మేలు. ఏడాది, రెండేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద మూడు గంటలైనా ఒళ్ళు కదిలిస్తూ ఆడాలని కూడా చెప్పింది. ఫోను పట్టుకొని కూర్చున్న బిడ్డకు ఆ మూడు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

మరి ఫోను తీసేసి ఏమివ్వాలి? ఖరీదైన బొమ్మలు అక్కరలేదు. జమైకా మనకు క్రికెట్టు వల్ల తెలిసిన దీవి. అక్కడి కింగ్‌స్టన్ పట్నంలో 1986–87లో డాక్టర్ సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం 129 మంది పేద పిల్లలను తీసుకుంది. అందరూ తిండి చాలక ఎదుగుదల తగ్గినవారు, రెండేళ్ళ లోపువారు. వారిలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళ పాటు వారానికి ఒక గంట వెళ్ళి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించారు. బొమ్మలంటే పారేసే వస్తువులతో చేసుకున్నవే. ఆ పిల్లలకు 22 ఏళ్ళు వచ్చాక చూస్తే, ఆ ఆటలు లేని తోటివారికంటే సుమారు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఈ ఫలితం 2014లో అచ్చయింది. అదనపు ఆహారం మాత్రమే అందినవారిలో ఆ తేడా కనబడలేదు. రూపాయల లెక్క చెబితే మనవాళ్ళు శ్రద్ధగా వింటారని ఈ సంగతి ముందు చెప్పాను.

మన ఇంటికి వద్దాం. నాలుగు స్టీలు డబ్బాలు, వాటి మూతలు కింద పెట్టండి. ఏ మూత ఏ డబ్బాకో తేల్చుకోవడం రెండేళ్ళవాడికి పెద్ద లెక్క. బట్టలు మడతపెట్టేటప్పుడు "ఇది తాత పంచె, ఇది అమ్మ చీర" అంటూ చేతికివ్వండి. చేటలో ఉల్లిగడ్డలు పోసి ఒక్కొక్కటీ బుట్టలో వేయమనండి. జేజి జొన్నరొట్టె తట్టేటప్పుడు నిమ్మకాయంత పిండిముద్ద ఇస్తే వాడూ తడతాడు. రేపు పలక మీద బలపం పట్టేది ఆ వేళ్ళే. ఇల్లు కాస్త చిందరవందర అవుతుంది. కానివ్వండి.

అయితే పక్కనే ఉండాలి. శెనక్కాయలు, శెనగలు, చింతగింజలు మూడేళ్ళ లోపువారి చేతికి ఇవ్వొద్దు, గొంతులో అడ్డుపడతాయి. నీళ్ళాట అయిన వెంటనే బకెట్టు బోర్లించండి. జానెడు నీళ్ళు కూడా పసిబిడ్డకు ప్రమాదమే.

ఆటకంటే ముఖ్యం మాట. వాడు కాకిని చూపించి "కా" అంటే, "అవును, కాకి. గోడ మీద వాలింది" అనండి. అని ఆగండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. వాడు మళ్ళీ ఏదో ఒకటి అంటాడు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఫోను చేయలేదు, అది వాడి కోసం ఆగదు. "ఇదేంటి, అదేంటి" అని పరీక్ష మాత్రం పెట్టకండి. ఇది మన ఉపాధ్యాయ మిత్రులకు కాస్త కష్టమే!

తాతలకు ప్రత్యేకంగా ఒక మాట. పేపరు తాతకు, బిడ్డ అవ్వకు అనే పంపకం న్యాయం కాదు. అవ్వ మోకాళ్ళకూ మీ వయసే. సాయంత్రం మీరు ఎత్తుకొని బయలుదేరండి. నంద్యాలవారికి రైల్వే స్టేషనుంది. ఆళ్ళగడ్డవారికి శిల్పుల పనితావులున్నాయి. రాతి దుమ్ముకు దూరంగా నిలబడి నంది ఏది, ఏనుగు ఏది చూపించండి. ఉలి దెబ్బ విననివ్వండి. చెక్కడం పూర్తయిన రాయిని తాకించి నున్నగా ఉందా, గరుగ్గా ఉందా చెప్పండి.

మన ఊళ్ళలో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు వినే పిల్లలు చాలామంది. రెండు భాషల వల్ల మాట ఆలస్యమవుతుందనేది అపోహ. మీకు బాగా వచ్చిన భాషలోనే ధారాళంగా మాట్లాడండి.

చివరిగా, మనలో కొందరికి కోపం తెప్పించే సంగతి. ఏడాదిన్నరకు నడక గానీ, ఒక్క మాట గానీ రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా, కోడలు డాక్టరుకు చూపిద్దామంటుంది. మనం ఏమంటాం? "వాళ్ళ నాయన కూడా మూడేళ్ళకు గానీ మాట్లాడలేదు, ఇప్పుడు ఇంజనీరు కాలేదా?" అంటాం. ఈ ఒక్క మాటతో ఏడాది గడిచిపోతుంది. ఆ ఏడాది మళ్ళీ రాదు. చెవి సరిగా వినబడకే మాట రాని పిల్లలున్నారు. పరీక్ష చేస్తే గాని తెలియదు. కోడలు అడగకముందే మీరే పిల్లల డాక్టరు దగ్గరికి బయలుదేరండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మూడేళ్ళ లోపువారి కోసం కేంద్ర ప్రభుత్వం 2024లో 'నవచేతన' పేరుతో 140 ఆటలు సూచించింది. మీ వీధి అంగన్‌వాడీ టీచరును అడిగి చూడండి.

భోజనాల వేళయింది.  సెలవు.