వేణ్ణీళ్ళ సదుపాయం - మన వయసుకు ఏది తగును?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం మన కార్యదర్శిగారు ఫోను చేసి, "చలికాలం వస్తోంది. ఏ గీజరు కొనాలని మనవాళ్ళు రోజూ అడుగుతున్నారు. మీరు ముప్పై మూడేళ్ళు కరెంటు డిపార్టుమెంటులో చేశారు కదా, ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. డి.ఏ. బకాయిల మీద చర్చకు ముందు నన్ను నిలబెట్టారు కాబట్టి మీ సహనాన్ని ఎక్కువగా పరీక్షించను. కార్తీక మాసమంతా చన్నీళ్ళ స్నానం చేసే నిష్ఠాపరులు ఈ అరగంటా హాయిగా కునుకు తీయవచ్చు.

ఏ కంపెనీ మంచిదని మాత్రం నన్ను అడగవద్దు. ఏ రకం తీసుకోవాలి, ఎంత పెద్దది, ఎక్కడ పెట్టించాలి అనే మూడు సంగతులు తేల్చుకుంటే కంపెనీ సంగతి చివరికి చిన్నదైపోతుంది. మనలో చాలామంది బేరం కంపెనీ పేరుతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తున్నారు.

మన చిన్నతనంలో పెరట్లో నీళ్ళ పొయ్యి, దాని మీద మసి పట్టిన కాగు ఉండేవి. కలిగినవారింట్లో నడుమ గొట్టం ఉన్న రాగి బాయిలరు, అందులో బొగ్గులు. ఆ ఏర్పాటులో ఒక గొప్ప గుణం ఉంది. మంట ఆరుబయట, మనిషి స్నానాలగదిలో. కరెంటూ గ్యాసూ వచ్చాక మంటను కూడా మనిషితో పాటు అదే నాలుగు గోడల మధ్య పెట్టి తలుపు గడియ వేసుకుంటున్నాం. నేను చెప్పబోయే దానిలో ముఖ్యభాగం ఇందులోనే ఉంది.

ముందు కాస్త లెక్క. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలోక్యాలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటు 860 కిలోక్యాలరీలతో సమానం. పుష్యమాసపు ఉదయం కొళాయి నీళ్ళు 20 డిగ్రీలున్నాయనుకోండి. స్నానానికి 40 డిగ్రీలు చాలు. 20 లీటర్ల బకెట్టుకు 400 కిలోక్యాలరీలు, అంటే అర యూనిట్ లోపే. నీటిలోకి వెళ్ళే వేడి వరకు ఇది ఏ కరెంటు హీటరుకైనా ఒకటే. "మా గీజరు సగం కరెంటుతోనే కాస్తుంది" అని ఏ సేల్స్‌మాన్ అయినా అంటే నవ్వి ఊరుకోండి. తేడా వచ్చేది కాగిన నీళ్ళు వాడకుండా నిలవ ఉంచినప్పుడు. డబ్బా మీద నక్షత్రాల బిళ్ళ చెప్పేది ఆ సంగతే. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారు ఇరవై నాలుగు గంటల్లో ట్యాంకు గోడల గుండా ఎంత వేడి జారిపోతుందో కొలిచి నక్షత్రాలు ఇస్తారు. పొద్దుటే ఇరవై నిమిషాలు వేసి, స్నానాలు కాగానే కట్టేసే ఇంటికి మూడు నక్షత్రాలకూ అయిదు నక్షత్రాలకూ బిల్లులో పెద్ద తేడా కనబడదు. రోజంతా స్విచ్ వేసి ఉంచే ఇంటికి కనబడుతుంది.

ఇమ్మర్షన్ రాడ్ గురించి రెండు ముక్కలు. 1500 వాట్ల రాడ్ ఒక బకెట్టుకు పంతొమ్మిది నిమిషాలు తీసుకుంటుంది. చవక. కానీ చెయ్యి పెట్టి నీళ్ళు కాగాయో లేదో చూసే అలవాటు మనలో నూటికి తొంభైమందికి ఉంది. మరిచిపోయే అలవాటు కూడా ఈ వయసులో మనకు కొత్తేమీ కాదు. అరవై దాటిన వాళ్ళున్న ఇంట్లో రాడ్ ఉండకూడదన్నది నా అభిప్రాయం. ఇక మీదట వాదించను.

తక్షణం వేడినీళ్ళిచ్చే ఇన్‌స్టంట్ గీజరు చాలామందిని ఆకర్షిస్తోంది. మూడు లీటర్ల బుల్లి డబ్బా, 3 కిలోవాట్లు. నిమిషానికి 43 కిలోక్యాలరీలే ఇవ్వగలదు కాబట్టి 20 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి రెండు లీటర్లకు కాస్త పైన మాత్రమే వస్తాయి. బకెట్టు నిండడానికి తొమ్మిది నిమిషాలు. కొళాయి ఎక్కువ తిప్పితే గోరువెచ్చన, ఇంకా తిప్పితే చన్నీళ్ళు. వంటింట్లో గిన్నెలకూ, చేతులు కడుక్కోవడానికీ అది బాగు.

స్టోరేజి గీజరు సంగతి వేరు. 15 లీటర్ల ట్యాంకులో నీరు 60 డిగ్రీలకు కాగితే, దానికి చన్నీళ్ళు కలుపుకుంటే 40 డిగ్రీల నీళ్ళు 30 లీటర్లు అవుతాయి. లోపలికి వచ్చే చన్నీళ్ళు కొంత కలుస్తాయి కనుక పాతిక అనుకోండి. అంటే ఒకరి స్నానం పూర్తిగా అయి, కాస్త మిగులుతుంది. 2 కిలోవాట్ల కాయిల్ మళ్ళీ ట్యాంకంతా కాచడానికి ఇరవై ఒక్క నిమిషాలు. అయ్యగారు స్నానం చేసి సంధ్యావందనం ముగించేసరికి అమ్మగారికి నీళ్ళు సిద్ధం. భార్యాభర్తలిద్దరే ఉన్న ఇంటికి 15 లీటర్లు చాలు. సంక్రాంతికి పిల్లలు మనవలతో వస్తారని 25 లీటర్లది కొంటారు కొందరు. ఆ నాలుగు రోజుల కోసం మిగతా మూడు వందల అరవై రోజులు అవసరంలేని పది లీటర్లు కాచుకోవడం ఎందుకు? నీళ్ళతో కలిపి 15 లీటర్లదే పాతిక కిలోల బరువు తూగుతుంది. నాలుగున్నర అంగుళాల గోడకు వేలాడదీసేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఇక గ్యాసు గీజరు. ఖర్చు లెక్క చూస్తే ఆశ పుడుతుంది. కిలో గ్యాసులో సుమారు 11 వేల కిలోక్యాలరీలున్నాయి. వృథా పోగా 14.2 కిలోల సిలిండరుతో మూడు వందల బకెట్లు కాచుకోవచ్చు. నీళ్ళు ధారగా వస్తాయి, కరెంటు పోయినా ఫరవాలేదు. ఇంతవరకూ బాగానే ఉంది.

కానీ కిలో గ్యాసు పూర్తిగా కాలడానికి పదిహేను కిలోలకు పైగా గాలి కావాలి. మన ఫ్లాట్లలో స్నానాలగది ఆరడుగులు, అయిదడుగులు, ఎత్తు ఎనిమిదడుగులు. అందులో ఉన్న గాలి మొత్తం ఎనిమిది కిలోలు. నిమిషానికి ఆరు లీటర్లిచ్చే గీజరు పది నిమిషాలు మండితే, కిటికీ మూసి ఉన్నప్పుడు, ఆ గాలిలో మూడోవంతు దానికే చెల్లిపోతుంది. గాలి చాలనప్పుడు మంట కార్బన్ మోనాక్సైడును పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసు లీకైతే వాసన వస్తుంది కదా అని ధైర్యంగా ఉంటాం. ఆ వాసన కాలని గ్యాసుకు కలిపినది, ఈ విషవాయువుకు కాదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. తల తిరిగినట్టవుతుంది, కాళ్ళు తేలిపోతాయి. లేచి గడియ తీద్దామనుకునేసరికి లేవలేము.

నాతో పనిచేసిన ఒక మిత్రుని సతీమణికి ఇదే జరిగింది. దోమలొస్తున్నాయని వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. లోపల నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది కాబట్టి స్నానం చేస్తున్నారనే అనుకున్నారు. అరగంట దాటాక పిలిస్తే పలుకు లేదు. తలుపు పగలగొట్టి, ఆసుపత్రికి తీసుకుపోయి ఆక్సిజన్ పెట్టించారు. ఆమె బతికారు. ఆ తరువాత చాలా నెలలు మాట మధ్యలో పదం దొరక్క ఆగిపోయేవారు. మా మిత్రుడు ఆ నీళ్ళ చప్పుడు గురించి ఇప్పటికీ చెబుతుంటాడు.

గ్యాసు గీజరు వద్దని అనడం లేదు. అది ఆరుబయట వరండాలోనో, వాష్ ఏరియాలోనో ఉండాలి. అక్కడినుంచి పైపు మాత్రమే స్నానాలగదిలోకి రావాలి. పాత కాగు ఉన్నచోటే దాని చోటు. ఇప్పటికే లోపల బిగించుకున్నవారు ఇంటికి వెళ్ళగానే చేయవలసిన పని, ప్లంబరును పిలిపించడం. అతను వచ్చేదాకా బకెట్టు నింపుకొని, గీజరు కట్టేసి, తలుపు తీసి గాలి మారనిచ్చి అప్పుడు స్నానానికి వెళ్ళండి. ఎగ్జాస్టు ఫ్యాను ఉంది కదా అంటారు. లోపలికి గాలి వచ్చే దారి లేకుండా మూసిన గదిలో ఆ ఫ్యాను ఎక్కణ్ణుంచి లాగుతుంది?

సొంత ఇల్లు, డాబా ఉన్నవారికి సౌర హీటరు మంచిది. రోజుకు 100 లీటర్లది ఇద్దరికీ ధారాళంగా సరిపోతుంది. ఇందులో రాగి గొట్టాల పలకలు ఒక రకం, గాజు గొట్టాలు మరొకటి. బోరు నీళ్ళయితే గాజు గొట్టాలవే తీసుకోండి. రాగి గొట్టాలు సన్నవి, సున్నం పట్టి పూడుకుపోతాయి. మూడో అంతస్తు పైన ట్యాంకు, కింద మన స్నానాలగది అయితే ఒక ఇబ్బంది ఉంది. నూరడుగుల అరంగుళం పైపులో అయిదారు లీటర్ల చన్నీళ్ళు నిలిచి ఉంటాయి. అవి పోయాకే వేడి నీళ్ళు దిగుతాయి. వాటిని పారబోయకుండా బకెట్టులో పట్టుకుంటే సరి. ముసురు పట్టిన రోజులకు కరెంటు ఏర్పాటు మాత్రం ఎలాగూ ఉండాలి.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన మిత్రులిద్దరు హాట్ టబ్ గురించి అడిగారు. పెరట్లో పెద్ద తొట్టి, అందులో కాగిన నీళ్ళు, నలుగురూ మెడదాకా మునిగి కబుర్లు చెప్పుకుంటారు. మోకాళ్ళకు హాయిగానే ఉంటుంది. అలాంటి తొట్టికి వెయ్యి, పన్నెండు వందల లీటర్లు పడతాయి. 1200 లీటర్లను 20 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి 28 యూనిట్లు, ఆ పైన చల్లారకుండా నిలబెట్టడానికి రోజూ ఖర్చు. డబ్బు మాట అటుంచండి. బి.పి. మాత్రలు వేసుకునేవాళ్ళు వేడినీళ్ళలో మునిగి ఉండి ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి తూలుతారు. తొట్టి అంచు దాటడానికి కాలెత్తడం ఇంకో గండం. మన గచ్చు మీద ముక్కాలిపీట వేసుకుని, గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించుకుంటే మోకాళ్ళకు అంతకంటే మేలు.

నీళ్ళ సంగతి చెప్పకపోతే గీజరు మాట పూర్తికాదు. హైదరాబాదు శివారు కాలనీల్లోనూ, నల్గొండ, అనంతపురం వైపూ చాలాచోట్ల బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. వేడెక్కినకొద్దీ ఆ సున్నం నీటినుంచి విడిపోయి కాయిల్‌కు పెంకులా పడుతుంది. అప్పుడు కాయిల్ వేడి నీటికి అందక అది మాడిపోతుంది. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, తాను అరిగిపోతూ ట్యాంకును తుప్పునుంచి కాపాడుతుంది. కొన్నప్పుడు దీని గురించి ఎవరూ చెప్పరు. బోరు నీళ్ళవారు ఏడాదికోసారి దాన్ని తీయించి చూపించమనండి. వారంటీ అయిదేళ్ళా ఏడేళ్ళా అని అడగడం కంటే, మీ ఊళ్ళో ఆ కడ్డీ మార్చే మనిషి ఉన్నాడా అని అడగడం మేలు. కంపెనీని ఎంచుకోవలసింది ఈ ఒక్క విషయంలోనే. డబ్బా మీద ఐ.ఎస్.ఐ. మార్కు, దాని పక్కన 2082 అనే నెంబరు ఉన్నాయో లేదో కళ్ళజోడు పెట్టుకుని చూడండి. స్టోరేజి గీజర్ల ప్రమాణం నెంబరు అది.

థర్మోస్టాట్‌ను 50 డిగ్రీల దగ్గర పెట్టుకుందామా, 60 దగ్గరా అని నిన్న ఒకరు అడిగారు. 60 డిగ్రీల నీరు అయిదారు సెకన్లలో చర్మాన్ని బాగా కాలుస్తుంది. మన చర్మం పలచబడింది కనుక ఇంకా తొందరగానే కాలుతుంది. అయితే బాగా తక్కువ వేడిలో రోజుల తరబడి నిలవ ఉన్న నీటిలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. కాబట్టి 60కి కాగనిచ్చి, బకెట్టులో ముందు చన్నీళ్ళు పట్టి ఆపైన వేడినీళ్ళు తిప్పుకోండి. ఈ వరస తప్పకూడదు.

ఆఖరుగా కరెంటు. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టు, తగిన మందం వైరు, విడిగా లైను ఉండాలి. మా ఇంట్లో ఎం.సి.బి. ఉంది, భయం లేదంటారు చాలామంది. ఎం.సి.బి. వైరును కాపాడేది. 16 ఆంపియర్లు దాటితే గాని దానికి పట్టదు. మనిషి ప్రాణం పోవడానికి ఒక ఆంపియరులో పదోవంతు కూడా అక్కరలేదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. మెయిన్ బోర్డులో అది ఉందో లేదో చూడండి, నెలకోసారి దాని మీద 'టి' అని ఉన్న బొత్తాము నొక్కి పడిపోతోందో లేదో పరీక్షించండి. పాత ఇళ్ళల్లో ఎర్త్ పిన్ను ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. ఉన్నా పెరట్లోని ఎర్త్ గుంట ఎండి, ఏళ్ళ తరబడి నీళ్ళు పోసినవారుండరు. అలాంటి ఇంట్లో ఎంత ఖరీదైన గీజరు పెట్టినా లాభం లేదు. కనుక గీజరుకు తీసిపెట్టిన డబ్బులో ముందు దీనికి ఖర్చుపెట్టండి, మిగిలినదానిలో గీజరు చూసుకోండి.

మన సభ్యుల్లో పాత లైన్ ఇన్‌స్పెక్టర్లు ముగ్గురున్నారు, ఎర్త్ టెస్టరు ఒకటి నా దగ్గర పనిచేస్తూనే ఉంది. కావలసినవారు పేరు, ఇంటి నెంబరు కార్యదర్శిగారి పుస్తకంలో రాసి వెళ్ళండి. వచ్చే ఆదివారం నుంచి పేట వారీగా ఇళ్ళకు వచ్చి చూస్తాం. ఒంటరిగా ఉంటున్న సోదరీమణుల ఇళ్ళతో మొదలుపెడతాం. ఫీజు ఏమీ లేదు, కాఫీ ఇస్తే కాదనం.