గోడకు నెమ్ము, గుండెకు నెమ్ము

(రాయచూరు పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లుల తెలుగు కార్మికుల సభలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల గురించి, బోనసు గురించి, హాజరు పుస్తకాల గురించి మనం ప్రతి సభలోనూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈ పూట గోడల గురించి మాట్లాడదలిచాం. నవ్వవలసిన పని లేదు. మిల్లులో ఎనిమిది గంటలు, పది గంటలు పత్తి దుమ్ము పీల్చి వచ్చిన మనిషి మిగిలిన రాత్రంతా ఏ గాలి పీలుస్తున్నాడన్నది కూడా యూనియన్ పట్టించుకోవలసిన సంగతే.

మన భాషలో నెమ్ము అనే మాట ఉంది. వానకు గోడ తడిసి మెత్తబడితే గోడకు నెమ్ము దిగిందంటాం. పసిబిడ్డ దగ్గి దగ్గి డొక్కలెగరేస్తుంటే బిడ్డకు నెమ్ము చేసిందంటాం. ఇటు గోడకూ అటు గుండెకూ ఒకే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ గురించీ బూజు గురించీ ప్రత్యేకంగా ఒక పుస్తకమే వేసి, చెమ్మ ఇళ్లలో ఉండేవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బులు ఎక్కువని తేల్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2007లో, అమెరికాలోని బర్క్లీ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన పరిశీలనలన్నీ కూడదీసి లెక్క కట్టారు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఈ జబ్బులు 30 నుంచి 50 శాతం దాకా ఎక్కువని వాళ్ల లెక్క.

బూజు అంటే ఇక్కడ పండగకు ముందు చీపురుతో దులిపే సాలెగూడు కాదు. ఆ మాట రెంటికీ వాడతాం గనుక ముందే చెబుతున్నాం. ఊరగాయ మీద, పాచిపోయిన రొట్టె మీద నూగులాగా పుట్టేదే గోడ మీద నల్ల చుక్కలుగా, పచ్చని మరకలుగా లేస్తుంది. అది ప్రాణమున్నది. దాని విత్తనాలు కంటికి కనపడనంత సన్నగా గాలిలో ఎప్పుడూ తిరుగుతుంటాయి. వాటిని ఎవరూ ఆపలేరు. మొలవడానికి వాటికి కావలసింది తడి ఒక్కటే. తడిసిన చోటు ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతే మొలవవు, ఆరకపోతే మొలుస్తాయి.

రాయచూరు ఎండల సీమ, ఇక్కడ బూజేమిటని అడిగేవాళ్లున్నారు. ఎండాకాలం సంగతి నిజమే. కానీ శ్రావణం నుంచి దీపావళి దాకా మన ఇళ్లను చూడండి. పాత మట్టి మిద్దెల మీద ఏటా సౌడు మట్టి వేసి తొక్కితేనే నీళ్లు దిగవు. ఇప్పుడా మట్టీ దొరకదు, తొక్కే ఓపికా లేదు. బండలు పరిచిన కప్పుల్లో సందులు తెరుచుకుంటాయి. రేకుల ఇళ్లలో తెల్లవారుజామున రేకు చల్లబడి మన ఊపిరే నీళ్లై కారుతుంది. నల్లరేగడి నేల నీటిని పట్టి ఉంచి త్వరగా వదలదు. ఆ తడిని గోడ అడుగు నుంచి, దీపం వత్తి నూనెను పీల్చినట్టు, పైకి పీలుస్తుంది. సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో ఉన్న మనవాళ్లకు ఇది మరీ బాగా తెలుసు. తుంగభద్ర ఎడమ కాలువ కింద ఏళ్ల తరబడి వరి పండించగా కొన్ని చోట్ల నీరు పైకి ఉబికి పొలాలు చవుడు తేలాయి. ఇళ్ల గోడలూ అదే నేల మీద నిలబడ్డాయి కదా!

ఇక 2009 సెప్టెంబరు ఆఖరులో, అక్టోబరు మొదట్లో వచ్చిన వరదను ఎవరూ మరిచిపోలేదు. అటు మంత్రాలయం, కర్నూలు మునిగాయి, ఇటు మన జిల్లాలో నది ఒడ్డు ఊళ్లు మునిగాయి. వరద తీసిన తరువాత బియ్యం, దుప్పట్లు పంచారు. నానిన గోడలు ఆరేదాకా పిల్లలను ఎక్కడ పడుకోబెట్టాలన్నది మాత్రం చాలామందికి ఎవరూ చెప్పలేదు.

గోడ మీద తెల్లగా పొడిలాగా లేచిందంతా బూజు కాదు. దాని మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించండి. కరిగిపోతే ఉప్పు, అంటే చవుడు. కరగకుండా మరకలా నిలిస్తే, ముక్క వాసన వేస్తే బూజు. రెండూ చెమ్మ ఉన్నదనే చెబుతాయి.

2021లో కరోనా వెంట వచ్చిన బ్లాక్ ఫంగస్ ఇదేనా అని అక్కలు అడిగారు. అది వేరు. అది మ్యూకర్ జాతి బూజు వల్ల వచ్చేది. చక్కెర జబ్బు అదుపు తప్పినవాళ్లకూ స్టెరాయిడ్ మందులు ఎక్కువగా పడ్డవాళ్లకూ ముఖ్యంగా సోకింది. గోడ మీది నల్ల మరకను చూసి ఆ భయం అక్కరలేదు. అయితే భయం లేదని దాని పక్కనే ఉబ్బసం బిడ్డను పడుకోబెట్టడమూ తగదు.

ఇప్పుడు అసలు తగవుకు వస్తాం. దగ్గుతో మిల్లు ఆఫీసుకు పోతే, అది మీ చెమ్మ ఇంటి దగ్గు అంటారు. ఇంటి ఓనరు దగ్గరికి పోతే, అది మిల్లు దుమ్ము దగ్గు అంటాడు. ఒకరి మీద ఒకరు తోసుకుంటారు, దగ్గేది మాత్రం మనం. అందుకే ఏ దగ్గు ఎక్కడిదో మనమే గుర్తు పట్టడం నేర్చుకోవాలి.

పత్తి దుమ్ముతో వచ్చే జబ్బును బిస్సినోసిస్ అంటారు. వారపు సెలవు తరువాత పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ బిగపట్టడం దాని తొలి గుర్తు. పాతకాలపు ఇంగ్లండు మిల్లుల్లో దీన్ని సోమవారపు జబ్బు అనేవాళ్లు. ముదిరితే అన్ని రోజులూ ఒకటే అవుతాయి. ఇంటి చెమ్మ దగ్గు దీనికి ఎదురుగా నడుస్తుంది. రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ, పెళ్లికో జాతరకో ఊరికి పోయి నాలుగు రోజులుంటే తగ్గుతుంది, తిరిగి వస్తే మళ్లీ మొదలవుతుంది. మిల్లుకు రాని ముసలివాళ్లూ పిల్లలూ కూడా దగ్గుతుంటే గోడను అనుమానించండి. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు. బరువు పెరగాలని నీళ్లు కొట్టిన పత్తి కుప్పలో వేడెక్కి బూజు పడుతుందని, దాన్ని తిరగేసే అక్కలకు మేము చెప్పనక్కరలేదు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, ఒళ్లు తగ్గడం ఉంటే ముందు ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష చేయించండి. అది ఉచితం. టీబీ కాదని తేలినా దగ్గు వదలకపోతే బూజు సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. ఊపిరితిత్తుల్లో బూజు వల్ల వచ్చే ఒక రకం ఎలర్జీని టీబీగా పొరబడి నెలల తరబడి మందులు మింగించడం మన దేశంలో జరుగుతున్నదే.

చట్టం సంగతి చూడండి. 1948 ఇ.ఎస్.ఐ. చట్టం సీజను ఫ్యాక్టరీలను మినహాయించింది. ఆ జాబితాలో మొదటి పేరే పత్తి జిన్నింగ్. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మినహాయింపును అలాగే నిలిపారు. దుమ్ము సీజను చూసి వస్తుంది గానీ ఊపిరితిత్తి సీజను చూసి ఆరిపోతుందా? బిస్సినోసిస్ మాత్రం వృత్తి జబ్బుల పట్టికలో ఉంది, నష్టపరిహారం అడిగే దారి ఉంది. అడగాలంటే దగ్గు మిల్లుదని చూపించాలి, అందుకే ఇంటి గోడ ఆరి ఉండటం ఆ విధంగానూ మనకు అవసరం.

ఇంగ్లండులో రాక్‌డేల్ అనే ఊరుంది. ఒకప్పుడు అదీ పత్తి మిల్లుల ఊరే, 1844లో నేతగాళ్లూ మరికొందరు పనివాళ్లూ కలిసి సహకార దుకాణం పెట్టిన ఊరు. అక్కడ అద్దె ఇళ్ల సంస్థ ఫ్లాటులో ఉన్న అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బిడ్డ 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంటినిండా బూజు. తండ్రి 2017 నుంచే చెబుతూ వచ్చాడు. సున్నమో రంగో కొట్టుకోమన్నారు, మీ వంట, మీ స్నానం పద్ధతి వల్లనే అన్నట్టు మాట్లాడారు. ఆ బూజే బిడ్డ ఊపిరి తీసిందని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ బిడ్డ పేరుతో చట్టం వచ్చి 2025 అక్టోబరులో అమలులోకి దిగింది. ఫిర్యాదు అందిన తరువాత ఇన్ని రోజుల్లో చూసి బాగుచేయాలని ఇప్పుడు అక్కడ గడువు ఉంది. అంత చల్లని దేశంలోనూ ఓనర్ల జవాబు మన దగ్గరి జవాబే. మన లైను ఇళ్లలో కప్పు కారుతున్నదని చెబితే, అన్నం ఇంట్లో వండుతారు గనుక చెమ్మ వస్తుందని మాకూ ఒక చోట జవాబు వచ్చింది. అన్నం మరెక్కడ వండాలో వాళ్లే చెప్పాలి.

వంట ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టలు, మూసిన తలుపుల వెనుక ఆరుగురి ఊపిరి, ఇవన్నీ చెమ్మను పెంచే మాట నిజమే. అది మనం తగ్గించుకోగలిగిన భాగం. మిద్దె గవాచిని పాత గోనెసంచితో మూసేయకండి, వంటప్పుడు తెరవండి. సామాన్లను, గోతాలను గోడకు జానెడు దూరం పెట్టండి. మరకను ముందు తడిగుడ్డతో తుడవండి. పొడి చీపురుతో రుద్దితే విత్తనాలన్నీ మీ ముక్కులోకే. బ్లీచింగ్ పొడి వాడితే దానిలో బాత్‌రూం యాసిడ్ ఎన్నటికీ కలపకండి, విషవాయువు పుడుతుంది. గోడ ఆరిన తరువాత తాజా సున్నం కొట్టండి. తడి గోడ మీద ఆయిల్ పెయింటు గానీ, మట్టి గోడకు సిమెంటు గానీ పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. గింజల సంగతీ అంతే. 1995లో దక్కను ఊళ్లలో వానకు తడిసి బూజుపట్టిన జొన్నలు, మొక్కజొన్నలు తిని జనం కడుపునొప్పితో, విరేచనాలతో పడ్డారు. ఫ్యూమోనిసిన్ అనే బూజు విషం దానికి కారణమని తరువాత తేలింది. బూజు వేరుశనగను ఏరి పారేయండి, నూనెకు ఆడించకండి.

కారే కప్పు, పగిలిన పైపు, వాకిట్లో నిలిచిన మురుగు మాత్రం గుడ్డతో తుడిస్తే పోయేవి కావు. అవి ఓనరు పని, మిల్లు లైనైతే యాజమాన్యం పని. ఈ వారం నుంచి మన కమిటీ సభ్యులు వీధి వీధికీ వస్తారు. ఏ గదిలో ఎక్కడ చెమ్మ, ఎన్నాళ్లుగా, ఎవరికి దగ్గు, ఎప్పుడెప్పుడు చెప్పారు, ఏం జవాబు వచ్చింది, అన్నీ తేదీలతో రాయించండి. నోటి ఫిర్యాదు గాలికి పోతుంది. రెండు కాగితాలు రాసి ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే రిజిస్టరు పోస్టులో పంపుదాం, ఆ ఖర్చు యూనియన్‌ది.