స్వరక్తముతో ముఖచికిత్స



చేతినుండి రక్తము తీసి, యంత్రమున త్రిప్పి, ప్లేట్‌లెట్లు దట్టముగానున్న పసుపువన్నె రసమును వేరుచేసి, నిగారింపునకై ముఖమున సూదితో నెక్కించు చికిత్స నేడు పట్టణములం దున్నది. “తన రక్తమే గదా, భయమేమి?” యందురు. భయము రక్తమున గాదు, సూదియం దున్నది. అమెరికాలోని ఆల్బకర్కీ నగరమున 2018లో, అనుమతిలేని యొకచోట నిట్టి చికిత్స పొందిన స్త్రీలకు ఎయిడ్స్ కలిగించు క్రిమి సోకినట్లు వెల్లడియైనది.

కావున మీ యింటి పిల్లలు ఈ చికిత్సకు బోవుదుమన్నచో నిట్లు చెప్పుడు: అర్హుడగు వైద్యునికడకే పోవలెను. క్రొత్త సూదిని తమ యెదుటనే విప్పించుకొనవలెను. వాడు మందులన్నియు ముందే తెలుపవలెను. గుండెజబ్బునకై వాడు ఆస్పిరిన్‌ను స్వయముగా మానరాదు. పిమ్మట కొలదిదినములు వాపు, ఎఱుపు సహజము. ముఖమును రుద్దరాదు, ఎండ తగులనీయరాదు. జ్వరముగాని చీముగాని కనుపించినచో వెంటనే వైద్యుని జూడవలెను.

సొగసు కొంత తగ్గినను లోపము లేదు; ఆరోగ్యము చెడినచో తిరిగిరాదు.